డెన్నిస్ రిట్చీ

డెన్నిస్ రిట్చీ (1941 - 2011) సుప్రసిద్ధ అమెరికా కంప్యూటరు శాస్త్రవేత్త. సీ ప్రోగ్రామింగు భాషను రూపొందించినది ఈయనే. కెన్ థాంప్సన్‌తో కలిసి యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ నిర్మాణంలో ప్రధాన పాత్ర వహించాడు.

జీవిత విశేషాలు

రిట్చీ 1941 సెప్టెంబరు 9న న్యూయార్కు రాష్ట్రంలోని బ్రాంక్స్‌విల్‌లో జన్మించాడు. తండ్రి ఆలిస్టేర్ బెల్ ల్యాబ్స్‌లో శాస్త్రవేత్త. హార్వర్డు విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం చదివిన రిట్చీ 1967లో అదే బెల్ ల్యాబ్స్‌లో చేరాడు.

సీ భాష

థాంప్సన్ తయారుచేసిన బీ భాషను విస్తరిస్తూ రిట్చీ 1971-73 మధ్య సీ భాషకు రూపమిచ్చాడు. 1973లో యూనిక్స్ కెర్నెలును ఈ భాషలో తిరిగి రాశారు.

బీ భాష నుండి కొన్ని చిక్కులు కూడా సంక్రమించాయి. అందులో & గుర్తు ఒక్కటే రెండు పనులు చేసేది. సీలో తార్కిక పరీక్షకు && అనే కొత్త గుర్తును చేర్చినప్పుడు, పాత ప్రోగ్రాములు చెడిపోకుండా ఉండాలని & ప్రాధాన్యతను == కంటే తక్కువగానే ఉంచాడు. ఫలితంగా a & b == c అని రాస్తే కంపైలరు ముందు bని cతో పోల్చుతుంది. ప్రోగ్రామరు ఉద్దేశం సాధారణంగా అది కాదు. ఈ క్రమాన్ని మార్చి ఉంటే బాగుండేదని రిట్చీ 1993 నాటి తన వ్యాసంలో అంగీకరించాడు. =- గుర్తు విషయంలో మాత్రం ఆయన వెనుకాడలేదు. i=-10 అంటే i విలువ నుండి పది తీసివేయాలా, లేక iకి మైనస్ పది ఇవ్వాలా అన్న సందిగ్ధం వలన 1976లో దానిని -=గా మార్చాడు.

హెచ్చరికల సమస్య

తొలినాటి సీ కంపైలరు విడివిడి ఫైళ్ళను వేగంగా అనువదించేది గాని, వాటి మధ్య పొందికను పరీక్షించేది కాదు. పాయింటర్లను, పూర్ణాంకాలను కలిపేసినా ఊరుకునేది. యూనిక్స్‌ను వేరే యంత్రానికి మార్చే పనిలో ఈ అలవాట్లు ఇబ్బంది పెట్టాయి. అందుకని సహోద్యోగి స్టీఫెన్ జాన్సన్ తన కంపైలరును మలచి లింట్ అనే ప్రత్యేక సాధనాన్ని తయారుచేశాడు. బట్టలకంటుకునే నూలు పోగు పేరే దీనికి పెట్టారు. భాషా నియమాల ప్రకారం చెల్లుబాటు అయినా అనుమానాస్పదంగా ఉన్న రాతలను ఇది ఎత్తిచూపేది.

తరువాతి కాలంలో ఈ పరీక్షలు చాలావరకు కంపైలర్లలోకే వచ్చాయి. if (a = b) అన్నది తప్పు కాదు, అయితే == బదులు = పడిన పొరపాటు కావచ్చు. జీసీసీలో హెచ్చరికలు కోరితే దీనిని చూపుతుంది. కావాలనే రాసినవారు మరో జత కుండలీకరణాలు పెడితే ఊరుకుంటుంది. పైన చెప్పిన & చిక్కుకు కూడా ఇలాగే హెచ్చరిక వస్తుంది.

పురస్కారాలు, మరణం

1983లో థాంప్సన్‌తో కలిసి ట్యూరింగ్ పురస్కారం పొందాడు. 2007లో పదవీ విరమణ చేశాడు. 2011 అక్టోబరు 12న న్యూజెర్సీలోని స్వగృహంలో మరణించి ఉండగా గుర్తించారు.