మంజీరకు ఆనకట్ట కట్టిన మహనీయుడు - నవాబ్ అలీ నవాజ్ జంగ్

మన నాగల్‌గిద్ద పక్కనుంచి పారే మంజీర వానాకాలంలో మట్టి నీళ్లతో నిండి ఉంటుంది. ఆ మట్టి చివరికి ఎక్కడికి చేరుతుంది? ఈ ప్రశ్నకు జవాబు ఒక గొప్ప ఇంజనీరు జీవితంతో ముడిపడి ఉంది.

ఆయన అసలు పేరు మీర్ అహ్మద్ అలీ. 1877 జూలై 11న హైదరాబాదులో జన్మించారు. నిజాం కళాశాలలో చదివి, 1896లో ప్రభుత్వ స్కాలర్‌షిప్‌తో ఇంగ్లండులోని కూపర్స్ హిల్ ఇంజనీరింగ్ కళాశాలకు వెళ్లారు. 1899లో హైదరాబాదు రాజ్య ప్రజాపనుల శాఖలో అసిస్టెంట్ ఇంజనీరుగా చేరి, 1918లో చీఫ్ ఇంజనీరు అయ్యారు. హిమాయత్ సాగర్, పాలేరు, వైరా జలాశయాలు ఆయన హయాంలోనివే.

అన్నిటికన్నా పెద్దది నిజాంసాగర్. 1923లో మంజీరపై పని ప్రారంభించి 1931లో పూర్తి చేశారు. నిజామాబాదు ప్రాంతంలో 2,75,000 ఎకరాలకు నీరివ్వాలన్నది లక్ష్యం. కరువు నేల వరికీ చెరకుకూ పేరు పొందింది. అందుకోసం ఎన్నో గ్రామాలు ఖాళీ అయ్యాయన్నది కూడా మనం మరువరాదు.

కానీ నది నీళ్లతోపాటు మట్టినీ తెస్తుంది. వేగంగా పారే నీరు ఇసుకను మోస్తుంది. జలాశయంలో వేగం తగ్గగానే బరువైన ఇసుక ముందే దిగిపోతుంది. సన్నని ఒండ్రు కట్ట దాకా వచ్చి పేరుకుంటుంది. ఏడాదికి వచ్చే మట్టిలోంచి బయటికి పోయేది తీసివేస్తే మిగిలేదే పూడిక. లెక్క చూడడానికి చిన్నదే. కానీ వచ్చే మట్టి ఎంతో కొలవడమే కష్టం. ఆ రోజుల్లో అందుకు తగిన కొలతలూ, సూత్రాలూ లేవు. తర్వాత సర్వే చేస్తే, అనుకున్నదానికన్నా 20 రెట్లకు పైగా పూడిక చేరుతున్నదని తేలింది. మొదట సుమారు 30 టి.ఎం.సి.లుగా చెప్పిన నిల్వ 1973 నాటికి 12 టి.ఎం.సి.లకు పడిపోయింది. ఆ తర్వాత నీటిమట్టం పెంచి 17.8 టి.ఎం.సి.లకు తెచ్చారు.

అలీ నవాజ్ జంగ్ 1949 డిసెంబరు 6న కన్నుమూశారు. ఆయన కట్టిన కట్ట నేటికీ నిలిచి ఉంది. 2014 నుండి ఆయన పుట్టినరోజును తెలంగాణ ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకుంటున్నది. నేడు నది వేగం, లోతు, మట్టి రేణువుల సైజు తీసుకుని పూడికను కంప్యూటరుపై అంచనా వేస్తున్నారు. అయినా నదిలో దిగి కొలిచిన అంకెలు లేనిదే ఏ లెక్కా నిజం కాదు.

మిత్రులారా! మన చేలగట్లు తెగితే కొట్టుకుపోయే మట్టి ముందు సింగూరులో, ఆపైన నిజాంసాగర్‌లో చేరుతుంది. గట్టు వేసి మట్టిని ఆపే రైతు కూడా ఆ జలాశయాలను కాపాడినట్టే. స్కాలర్‌షిప్‌తో చదివిన ఒక విద్యార్థి నదికి కట్ట కట్టాడు. ఆయన కాలానికి అందని లెక్కను సరిగ్గా చేయవలసింది మనమే. అందుకే గణితమంటే భయపడవద్దు.