ధారణా ధురీణుడు – చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి

తెలుగు పద్యాన్ని పండితగోష్ఠుల నుండి జనసామాన్యం నాలుకలపైకి తెచ్చిన జంట తిరుపతి వేంకట కవులు. వారిలో ఒకరైన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి 1870లో గోదావరి తీరమండలంలోని కడియంలో జన్మించారు. చర్ల బ్రహ్మయ్యశాస్త్రి సన్నిధిలో వ్యాకరణం అభ్యసించేటప్పుడు దివాకర్ల తిరుపతిశాస్త్రి ఆయనకు సహాధ్యాయి అయ్యారు. ఆ స్నేహమే జంటకవిత్వానికి పునాది. 1891లో కాకినాడలో శతావధానం చేసిన నాటి నుండి వారి కీర్తి ఆంధ్రదేశమంతటా వ్యాపించింది.

అవధానమంటే చిత్తైకాగ్రత. అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకులు అవధానిని పరీక్షిస్తారు. ఒకరు సమస్యనిస్తారు; ఒకరు దత్తపదిని కోరుతారు; మరొకరు నిషిద్ధాక్షరితో అడుగడుగునా అడ్డుతగులుతారు. మధ్యమధ్య మోగే గంటలను లెక్కించాలి. అప్రస్తుత ప్రసంగికి చమత్కారంగా బదులు చెప్పాలి. పద్యం కోరిన పృచ్ఛకునికి ఒక పాదం చెప్పి, అవధాని మరొకరి వైపు మరలుతాడు. నాలుగు ఆవృత్తాలు ముగిశాక పద్యాలన్నింటినీ ధారణ చేసి అప్పగిస్తాడు. శతావధానంలో పృచ్ఛకులు నూరుమంది.

మనస్సు ఒక పనిని విడిచి వేరొకదానిని చేపట్టినప్పుడు కొంత కాలం వ్యయమవుతుందని 1927లో అమెరికా మనస్తత్త్వవేత్త ఆర్థర్ జెర్సిల్డ్ ప్రయోగపూర్వకంగా చూపారు. పాత పని నియమాలను అణచి, కొత్త నియమాలను ముందుకు తేవడంలో మెదడు ముందుభాగానిది ప్రధాన పాత్ర అని తరువాతి పరిశోధకులు తెలిపారు. ఈ దృష్టితో చూస్తే అవధాని రహస్యం కొంత బోధపడుతుంది. అతడు ఎనిమిది పద్యాలను ఏకకాలంలో అల్లడు. ఒక్కొక్క క్షణంలో ఒక్కదానిపైనే మనస్సు నిలుపుతాడు. నిరంతర సాధనచేత ఛందస్సు అప్రయత్నంగా నడుస్తుంది గనుక బుద్ధి భావంపై నిలుస్తుంది. విడిచిన పద్యాన్ని తిరిగి అందుకోవడానికి యతిప్రాసలే ఆనవాళ్ళవుతాయి.

బందరు హిందూ ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయుడిగా వేంకటశాస్త్రి ఎందరినో తీర్చిదిద్దారు. విశ్వనాథ సత్యనారాయణ, పింగళి లక్ష్మీకాంతం, కాటూరి వేంకటేశ్వరరావు ఆయన శిష్యులే. జంటకవుల పాండవోద్యోగ విజయాల పద్యాలు పల్లెపల్లెనా రంగస్థలంపై మారుమ్రోగాయి.

1920లో తిరుపతిశాస్త్రి కన్నుమూశారు. ఆ ఎడబాటు వేంకటశాస్త్రికి తీరని వ్యథ. అయినా ఆయన కలం ఆగలేదు, జంటపేరు మాయలేదు. ఆ తరువాత రచించిన గ్రంథాలనూ ఇద్దరి పేరిటనే వెలువరించారు. 1949లో మద్రాసు ప్రభుత్వ ఆస్థానకవిగా గౌరవం పొంది, 1950లో పరమపదించారు. నూరుమంది ప్రశ్నల నడుమ క్షణానికొక వైపు మరలిన ఆ మనస్సు మిత్రుని నుండి మాత్రం ఎన్నడూ మరలలేదు. ఏకాగ్రతకు, కృతజ్ఞతకు ఆయన జీవితం విద్యార్థిలోకానికి ఆదర్శం.