చుంగ్ లింగ్ సూ

2006 నాటి ‘ది ప్రెస్టీజ్’ చిత్రంలో కనిపించే ఇంద్రజాలికుడు చుంగ్ లింగ్ సూ కల్పిత పాత్ర కాదు. అట్లని చైనీయుడూ కాడు. 1861లో అమెరికాలో జన్మించిన విలియం రాబిన్సన్ అతడు. అసలైన చైనా ఇంద్రజాలికుడు చింగ్ లింగ్ ఫూ, తన నీటిపాత్ర విద్యను చేసి చూపినవారికి వేయి డాలర్లు ఇస్తానని ప్రకటించి, రాబిన్సన్ ముందుకు రాగా అవకాశమీయలేదు. ఆ పంతంతో 1900లో ఐరోపా చేరి, జడ, పట్టువస్త్రాలు ధరించి, తర్వాత ఫూను పోలిన పేరు పెట్టుకున్నాడు. విలేకరులతో సైతం దుభాషి ద్వారానే మాట్లాడేవాడు. 1905లో లండనులో ఫూ సవాలు విసిరి, తీరా పోటీనాడు రాలేదు. జనం నకిలీనే ఆదరించారు. న్యాయమా అంటే వేరే మాట.

తుపాకీ గుండును పళ్లెంతో పట్టడం అతని ప్రసిద్ధ విద్య. గుండు ఉన్న గొట్టం పేలదు, కింది సన్నగొట్టంలోని మందే పేలుతుంది. ఏళ్ల వాడకంలో తుపాకీ అరిగి మంట పైగొట్టానికి చేరింది. 1918 మార్చి 23న వుడ్ గ్రీన్ ఎంపైర్ రంగశాలలో నిజమైన గుండే ఛాతీలో దిగింది. అంతకాలం వేదికపై మౌనంగా ఉన్నవాడు తెర దించమని ఇంగ్లీషులో కోరాడు. మరునాడు మరణించాడు. విచారణలో అది ప్రమాదమని తేల్చారు.