పులి క్రియల దూరిన భాష

బడిల మా సారు బోర్డు మీద నామవాచకం, సర్వనామం, క్రియ అని రాసి, మీరు ఇండ్లల్ల మాట్లాడేదానికి వ్యాకరణమే లేదన్నడు. నమ్మిన. శానా ఏండ్లకు గిడుగు రామమూర్తి గురించి సొంతంగ చదివినంకనే ఆ మాట తప్పని తెలిసింది.

ఆయన 1863ల శ్రీకాకుళం దిక్కు పర్వతాలపేటల పుట్టిండు. పర్లాకిమిడిల పంతులు. కొండల్లకెల్లి వచ్చే సవరల మాట విని, అది నేర్సుకోవాలె అనుకున్నడు. పుస్తకం లేదు, లిపి లేదు. తెలుగు కూడ వచ్చిన ఒక సవరాయన్ని ఇంట్ల పెట్టుకొని నేర్సుకున్నడు. (అసలు గురువు ఆ సవరాయనే అంట నేను.) సొంత పైసలతోని సవర పోరగాండ్లకు బడులు పెట్టిండు. కొండల్ల తిరిగితే మలేరియా వచ్చింది, క్వినైన్ మింగి మింగి చెవుడొచ్చింది.

తెలుగుల పులిని పట్టుడంటే పులి ఒక మాట, పట్టుడు ఒక మాట. సవరల పులి అనే మాట కురచయి క్రియ లోపలికే పోతది, రెండు కలిసి ఒక్కటే మాటయితది. మా సారు బోర్డు మీద దాన్ని ఏ గడిల రాస్తడు? అన్ని భాషల అడుగున ఒకటే వ్యాకరణం ఉన్నదా లేదా అని పండితులు ఇయ్యాల్టికీ కొట్లాడుతరు. గిడుగు ఆ జోలికి పోలే. సవర ఎట్లున్నదో అట్లనే రాసిండు. 1931ల మద్రాసు సర్కారు దాన్ని అచ్చేసింది.

1936ల పర్లాకిమిడి ఒడిశాల కలిస్తే ఇల్లిడిసి రాజమండ్రికొచ్చిండు. 1940ల పోయిండు. ఆయన పుట్టిన ఆగస్టు 29న తెలుగు భాషా దినం చేస్తరు. నేను పోయిన సభలల్ల మాత్రం మైకు కాడ ఒక్క సవర మనిషి కనబడలే.