కోసూరి వెంకటరత్నం

కోసూరి వెంకటరత్నం తూర్పు గోదావరి జిల్లా రాజమండ్రికి చెందిన హస్తకళా నిపుణుడు, రత్నం కలాల సృష్టికర్త. కె.వి.రత్నం అనే పేరుతో ప్రసిద్ధుడు. మహాత్మా గాంధీ ప్రేరణతో స్వదేశీ ఫౌంటెన్ పెన్ను తయారీకి పూనుకొని, 1932లో రాజమండ్రిలో రత్నం పెన్ వర్క్స్‌ను స్థాపించాడు. ఈయన మొదట చేసిన పెన్నులో విదేశీ భాగం ఉన్న కారణంగా గాంధీ దానిని స్వీకరించలేదని చెబుతారు. అనంతరం ఈయన చేసిన పెన్ను 1935లో గాంధీ మెప్పు పొందింది.

నేపథ్యం

గోదావరి మండలంలో స్వదేశీ భావన బలంగా వేళ్ళూనుకొన్న పట్టణం రాజమండ్రి. 1907లో బిపిన్ చంద్రపాల్ ఇక్కడ ఉపన్యాసాలిచ్చాడు. వస్త్రాల విషయంలో ఖద్దరు రూపంలో ప్రత్యామ్నాయం లభించినా, రాత పరికరాల విషయంలో పరిస్థితి వేరుగా ఉండేది. బజారులో దొరికే మేలురకం ఫౌంటెన్ పెన్నులు ప్రధానంగా అమెరికా, ఐరోపా దేశాల నుండి దిగుమతి అయ్యేవి. ఖద్దరు చొక్కా జేబులో సైతం విదేశీ కలమే కనిపించేది.

గాంధీ సూచన

రత్నం లోహపు పనిలో నేర్పరి. ఎక్కువగా ప్రచారంలో ఉన్న కథనం ప్రకారం ఈయన 1921లో వార్ధాలో గాంధీని కలిసి, తాను చేసిన ఒక విగ్రహాన్ని బహూకరించాడు. అలంకార వస్తువులకు బదులు గుండుసూది మొదలుకొని కలం వరకు సామాన్యులకు పనికివచ్చే వస్తువు ఏదైనా తయారు చేయమని గాంధీ సూచించాడు. రత్నం కలాన్ని ఎంచుకొన్నాడు. పలు ప్రయత్నాల తరువాత తయారైన పెన్నును గాంధీకి పంపగా, అందులో కొంత భాగం విదేశాలది కావడంతో ఆయన అంగీకరించలేదని ఈ కథనంలోనే చెబుతారు. దీనితో ప్రతి భాగాన్నీ స్వయంగా తయారు చేయవలసిన అవసరం ఏర్పడింది.

కలం భాగాలు, వాటి ఎంపిక

ఫౌంటెన్ పెన్నులో ప్రధాన భాగాలు నాలుగు: సిరా నిలువ ఉండే గొట్టం, మూత, పాళీ, పాళీకి సిరాను అందించే నాలుక. వీటిలో ఏ ఒక్కటి నాసిరకంగా ఉన్నా మిగిలిన మూడూ ఎంత బాగున్నా ప్రయోజనం ఉండదు. గొట్టం పగిలితే సిరా కారుతుంది, నాలుక సరిగా లేకుంటే రాత ఆగిపోతుంది, పాళీ అరిగితే కాగితం చీరుతుంది.

గొట్టం, మూత: రత్నం కలాలు ఎబొనైట్‌తో చేసినవి. రబ్బరులో గంధకాన్ని అధికంగా కలిపి వేడిచేస్తే ఈ గట్టి పదార్థం తయారవుతుంది. ఇది తేలికైనది, సిరాలోని ఆమ్లానికి చెడనిది. లేత్ యంత్రం మీద చక్కగా తరగడానికి, సన్నని మరలు కోయడానికి అనువైనది. ఎక్కువకాలం ఎండ తగిలితే నలుపు రంగు వెలిసి గోధుమ రంగుకు మారడం దీని లోపం. తిరిగి మెరుగు పెడితే రంగు చాలావరకు వస్తుంది.

నాలుక: దీనిలోని సన్నని గాడి గుండా సిరా పాళీకి చేరుతుంది, అదే సమయంలో గాలి గొట్టంలోకి వెళుతుంది. గాడి లోతు ఎక్కువైతే సిరా బొట్లుగా రాలుతుంది, తక్కువైతే రాత ఎండిపోతుంది. ఎబొనైట్ ఉపరితలం సిరాను చక్కగా పట్టి ఉంచుతుంది కనుక నాలుకకు సైతం ఇదే మేలైన పదార్థం.

పాళీ: తయారీలో అన్నిటికంటె కష్టమైనది ఇదే. నాటి సిరాలలో చాలావరకు ఇనుప లవణాలతో చేసిన ఆమ్ల సిరాలు. వీటివలన సాధారణ ఉక్కు పాళీ కొద్దికాలంలోనే తుప్పు పట్టేది. బంగారం తుప్పు పట్టదు, కాని మేలిమి బంగారం మెత్తన. అందుచేత 14 క్యారెట్ల మిశ్రమాన్ని వాడి, కాగితానికి తగిలే కొనకు ఇరిడియం వంటి కఠిన లోహాల మిశ్రమాన్ని అతుకుతారు. కొనను నడుమకు చీల్చి, రెండు పాయలూ సమంగా ఉండేలా అరగదీయడం లోహపు పనిలో తేరిన చేతికే సాధ్యం.

సిరాను నేరుగా గొట్టంలో పోసుకొనే పద్ధతి ఈ కలాలకు మన్నికను చేకూర్చింది. లోపల రబ్బరు సంచి ఉండే పెన్నులలో ఆ సంచి కాలక్రమాన చెడిపోతుంది. సంచి లేని కలంలో పాడయ్యే భాగాలు తక్కువ.

గాంధీ లేఖ

1934 డిసెంబరులో వార్ధా కేంద్రంగా అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం ఏర్పడింది. దాని కార్యదర్శి జె.సి.కుమారప్ప ద్వారా రత్నం పెన్ను గాంధీకి చేరింది. 1935 జూలై 16న గాంధీ రత్నానికి లేఖ రాస్తూ, ఆ పెన్నును తాను ఉపయోగించానని, బజారులో దొరికే విదేశీ పెన్నులకు అది మంచి ప్రత్యామ్నాయంగా ఉన్నదని తెలిపాడు. మర్యాదకు కానుకను మెచ్చుకోవడం కాక వాడి చూసి ఇచ్చిన అభిప్రాయం కావడం వలన, దీనితో రత్నం కలానికి దేశవ్యాప్త గుర్తింపు లభించింది.

తొలి స్వదేశీ కలం అనే వాదన

రత్నం కలాన్ని తొలి స్వదేశీ కలంగా పేర్కొనడం కద్దు. అయితే 20వ శతాబ్దపు తొలి దశకంలోనే కాశీలో రాధికానాథ్ సాహా లక్ష్మీ స్టైలో పేరుతో కలాలు తయారుచేశాడు. కనుక రత్నం ప్రత్యేకతను కాలక్రమంలో కంటె, విదేశీ భాగాలపై ఆధారపడకుండా కలాన్ని రూపొందించేందుకు చేసిన ప్రయత్నంలో చూడడం సముచితం.

తరువాతి కాలం

రత్నం అనంతరం ఈయన కుటుంబీకులు తయారీని కొనసాగించారు. రత్నం, రత్నంసన్ పేర్లతో ఈ కుటుంబపు కలాలు వెలువడ్డాయి. రాజమండ్రిలోనే గైడర్ వంటి ఇతర సంస్థలు కూడా వెలసి, పట్టణం కలాల తయారీకి పేరొందింది. బాల్ పెన్నుల వ్యాప్తితో ఇంకు పెన్నుల గిరాకీ తగ్గింది. అచ్చులలో వేల సంఖ్యలో పోతపోసే ప్లాస్టిక్ కలాల ధరతో, ఒక్కొక్కటిగా చేతితో తరిగే ఎబొనైట్ కలం పోటీపడలేకపోయింది. అయినప్పటికీ పాళీని మార్చుకొని, మెరుగు పెట్టించుకొని ఏళ్ళ తరబడి వాడుకొనగల వస్తువుగా కలాభిమానులలో దీనికి ఆదరణ నిలిచింది.