వెలుగునీడల శిల్పి రాజా దీన్‌దయాళ్

రాజా దీన్‌దయాళ్ 1844లో మీరట్ సమీపమందలి సర్ధనాలో జన్మించారు. రూర్కీలో ఇంజనీరింగ్ విద్య నభ్యసించి, ఇండోరులో ఉద్యోగం చేస్తూ ఛాయాచిత్రకళను చేపట్టారు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆయనను ఆస్థాన ఛాయాచిత్రకారునిగా నియమించి, ముసవ్విర్ జంగ్ బిరుదుతో సత్కరించారు. 1892లో హైదరాబాదులో పరదా స్త్రీల కొరకు ప్రత్యేక చిత్రశాలను నెలకొల్పి, దానిని ఒక ఆంగ్ల వనిత నిర్వహణలో ఉంచారు. 1905లో కీర్తిశేషులయ్యారు.

ఆనాటి గాజుపలకలపై ఎర్రని వస్త్రం నల్లగా, నీలాకాశం తెల్లగా పడేది. ఏ రంగు ఏ ఛాయగా మారునో ముందే ఊహించనిదే చిత్రం కుదిరేది కాదు. నేటి డిజిటల్ కెమెరా రంగులన్నిటినీ గ్రహిస్తుంది. వానిని నలుపు తెలుపులుగా తరువాతనైనా మార్చుకొనవచ్చు. సౌకర్యం పెరిగింది గాని, వెలుగునీడలను గుర్తించు దృష్టి యంత్రం వలన రాదు. విద్యార్థులారా, మీట నొక్కుటకు ముందు ఒక్క క్షణం రంగులను మరచి వెలుగును చూడండి. ఆ మహనీయుని కృషి మనకు నేర్పు పాఠమిదియే.