రఘుపతి వెంకయ్య

మచిలీపట్నంలో జన్మించిన రఘుపతి వెంకయ్యనాయుడు మద్రాసులో ఛాయాచిత్రకారులుగా పేరు గడించారు. కదలే బొమ్మకు గ్రామఫోను ధ్వనిని జోడించే క్రోనోమెగాఫోను యంత్రం కొనుటకై 1910 ప్రాంతంలో తమ స్టూడియోను తాకట్టు పెట్టారు. స్థిరమైన వృత్తి గల గృహస్థునకు ఇది సామాన్య సాహసం కాదు. డేరాలు వేసి ప్రదర్శనలిస్తూ బర్మా, సింహళ దేశాల వరకు వెళ్ళారు. 1914లో మౌంట్‌రోడ్డున గెయిటీ థియేటరును, పిమ్మట వాషర్‌మెన్‌పేటకు అనతిదూరంలోని మింటు వీధిలో క్రౌన్ థియేటరును నెలకొల్పారు.

కుమారుడు ప్రకాష్‌ను సినిమా విద్యకై విదేశాలకు పంపారు. ఆయన తిరిగివచ్చి, 1921లో 'భీష్మ ప్రతిజ్ఞ' మూకీని రూపొందించారు. కాలక్రమంలో వెంకయ్యగారి ఆస్తులన్నీ చేజారిపోయాయి. 1941లో ఆయన కన్నుమూశారు. పిదప ముప్పది తొమ్మిదేండ్లకు, 1980లో, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చలనచిత్ర రంగంలో జీవితకాల కృషికి ఆయన పేరిట పురస్కారం ఏర్పరచింది. తొలి గ్రహీత ఎల్.వి. ప్రసాద్.